కోవిడ్ తగ్గాక మొదలైన జబ్బు, దానికి నేను చేయించుకున్న చికిత్స

కోవిడ్ ఇక ప్రపంచవ్యాప్త ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించే నాటికి నేను మానసిక వైద్యం చేయించుకుంటూ ఉన్నాను. నాకు కోవిడ్ వచ్చి తగ్గి అప్పటికి రెండేళ్ళు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి, రక్తపరీక్షలు సరిగ్గా ఉన్నాయి, ఉద్యోగం చేసుకుంటున్నాను. అయినా చేతిసంచిలో ఆక్సీమీటర్, అంటే వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపించే పరికరం, లేకుండా గడప దాటలేని స్థితిలో ఉన్నాను. కాకినాడలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో అధికారిగా పనిచేస్తున్నందువల్ల రోజూ ఎంతోమందితో మాట్లాడతాను. నిద్ర పట్టడం లేదనేవాళ్ళు, గుండె పరీక్షలు మళ్ళీ మళ్ళీ చేయించుకుంటున్నవాళ్ళు, జనంలోకి వెళ్ళలేకపోతున్నామనేవాళ్ళు ఆ రెండేళ్ళలో ఎందరో తగిలారు. వాళ్ళలో సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్ళినవాళ్ళు దాదాపు లేరు. సిగ్గు ఒక్కటే దానికి కారణం కాదనీ, ఆ గదిలోకి వెళ్తే ఏం జరుగుతుందో చెప్పినవాళ్ళు లేకపోవడం కూడా కారణమేననీ నాకు అనిపిస్తుంది. నా విషయంలో జరిగినదాన్ని అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

2021 మే మొదటి వారంలో రాష్ట్రమంతటా మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి కర్ఫ్యూ పెట్టారు. బ్యాంకులు అత్యవసర సేవల్లోకి వస్తాయి కనుక మేము ఉదయం పూట పనిచేస్తూనే ఉన్నాం. ఆ నెలలోనే నాకు జ్వరం వచ్చింది. సీటీ స్కాన్‌లో తీవ్రత స్కోరు 25కి 11 అన్నారు. ఆసుపత్రిలో చేరి, కొన్నాళ్ళు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాను. సరిగ్గా అప్పుడే రాజమహేంద్రవరంలో మా అన్నయ్యకూ వచ్చింది. ఆయన మొదట ఇంట్లోనే ఉన్నారు. వదిన గంటకోసారి ఆయన వేలికి ఆక్సీమీటర్ పెట్టి, అందులో కనిపించిన అంకెను నాకు ఫోన్‌లో చదివి వినిపించేది. 95 అంటే కాస్త కుదుటపడేవాళ్ళం. 92 అంటే బోర్లా పడుకోబెట్టమనేదాన్ని. 88 అన్న రాత్రి 104 హెల్ప్‌లైన్‌కూ, తెలిసినవాళ్ళందరికీ నా మంచం మీది నుంచే ఫోన్లు చేస్తే, బెడ్ దొరికేసరికి తెల్లవారింది. అన్నయ్య ఇంటికి తిరిగి రాలేదు. నేను ఆసుపత్రిలో ఉండగానే అంత్యక్రియలు జరిగిపోయాయి. మా మేనల్లుడొక్కడే పీపీఈ కిట్ తొడుక్కుని వెళ్ళాడు. కర్మకాండకు కూడా ఎవరం వెళ్ళలేకపోయాం.

ఈ అంకెల సంగతి ఇంతగా చెప్పడం ఎందుకంటే, నా జబ్బు వాటి చుట్టూనే అల్లుకుంది. నన్ను ఇంటికి పంపేటప్పుడు రోజుకు నాలుగుసార్లు ఆక్సిజన్ చూసుకోమన్నారు. ఆ దశలో అది సరైన సలహాయే, నేను అక్షరాలా పాటించాను. ఎప్పుడు ఆపవచ్చో మాత్రం ఆ డిశ్చార్జి కాగితంలో లేదు. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు నాలుగుసార్లు కాస్తా లెక్కలేనన్ని సార్లయింది. పడుకునే ముందు, రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా, మెట్లు ఎక్కాక, బస్సు దిగాక, ఎవరైనా దగ్గిన తర్వాత చూసుకునేదాన్ని. 97 కనిపిస్తే తృప్తి ఉండేది కాదు. వేలు మార్చి, చేయి మార్చి 98 వచ్చేదాకా పెట్టుకునేదాన్ని. వేళ్ళు చల్లబడి ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా ఆ పరికరం తప్పు చూపించవచ్చని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన చేయి ఆగేది కాదు.

ఆ ఎండాకాలంలో ఒక ఉదయం బ్యాంకులో స్ట్రాంగ్ రూమ్ తెరవడానికి వెళ్ళాం. దానికి రెండు తాళాలు, ఇద్దరు అధికారులు ఉండాలి. ఒకటి నా దగ్గర ఉండేది. కిటికీ లేని ఆ గదిలో నగదు లెక్కపెడుతుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, గొంతు బిగుసుకుంది, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి, ఒళ్ళంతా చల్లని చెమట పట్టింది. ఆ క్షణాన నాకున్నది అనుమానం కాదు, చచ్చిపోతున్నానన్న నిశ్చయం. బయటికి వచ్చి ఆక్సీమీటర్ పెట్టుకుంటే 99 చూపించింది. ఊపిరి అందడం లేదని శరీరం అంటుంటే ఆక్సిజన్ నిండుగా ఉందని యంత్రం చెప్పడం నన్ను మరింత భయపెట్టింది, యంత్రం పాడైందనుకున్నాను. పావుగంటలోపే అంతా సర్దుకుంది. వారం తిరిగేలోగా మళ్ళీ వచ్చింది.

తర్వాతి నెలలన్నీ పరీక్షలతో గడిచాయి. ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష, థైరాయిడ్, ఛాతీ స్కాన్, గ్యాస్ అని ఎవరో అంటే ఎండోస్కోపీ. ‘అన్నీ నార్మల్’ అని విన్న ప్రతిసారీ మనసు తేలికపడేది. ఆ తేలిక రెండు మూడు రోజులకు మించి నిలిచేది కాదు. ఈ పరీక్షలో తేలనిది ఇంకో పరీక్షలో తేలుతుందేమో అనిపించేది. కోవిడ్ తగ్గిన తర్వాత కూడా ఆయాసం, నీరసం, మతిమరుపు నెలల తరబడి కొనసాగవచ్చని, దాన్ని పోస్ట్ కోవిడ్ స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించిందని చదివి, నాది అదే అనుకున్నాను. అది తప్పు ఆలోచనేమీ కాదు, చాలామందికి నిజంగానే ఉంటుంది, ముందు దాన్ని తేల్చుకోవలసిందే. నా విషయంలో దాన్ని తేల్చింది ఒక ఊపిరితిత్తుల వైద్యుడు. ఆరు నిమిషాల పాటు వరండాలో గబగబా నడిపించి, ముందూ వెనకా ఆక్సిజన్ చూసి, ఊపిరి ఎంత బలంగా వదలగలనో కొలిచే స్పైరోమెట్రీ చేయించి, మీ ఊపిరితిత్తులు బాగున్నాయి, మీకు ఉన్నది నిజమైన బాధే కానీ నేను చూసే బాధ కాదు, సైకియాట్రిస్టును కలవండి అన్నారు. లేదని కొట్టిపారేయకుండా, నిజమైన బాధే అని ఒప్పుకుని మరీ పంపించడం వల్లనే ఆ మాట నా చెవికెక్కింది.

చెవికెక్కినా కాళ్ళు కదలలేదు. మా వైపు ఎవరినైనా ఎగతాళి చేయాలంటే విశాఖ పంపించాలంటారు, హైదరాబాద్ వైపు ఎర్రగడ్డ అంటారు. వైద్యం చేసే సంస్థల ఊళ్ళు, పేటలు తిట్లుగా మారిన చోట ఓపీ చీటీ రాయించుకోవడం తేలిక కాదు. మా అత్తయ్య దిష్టి తీశారు. నీకేం తక్కువైందని ఒకరు, మనసు గట్టి చేసుకోమని ఒకరు అన్నారు. గట్టి చేసుకోవడం ఎలాగో చెప్పినవాళ్ళు లేరు. మావారు మాత్రం, ఆసుపత్రికి వెళ్ళలేకపోతే ముందు ఫోన్‌లో మాట్లాడి చూడమని 14416 అనే నంబరు కాగితం మీద రాసి ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దానికి ప్రధాన కేంద్రం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, కాల్‌కు డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఒక రాత్రి నిద్ర పట్టక ఆ నంబరుకు చేశాను. మాట్లాడిన అమ్మాయి శిక్షణ పొందిన కౌన్సెలర్. వయసు, ఊరు, ఎప్పటినుంచి ఇలా ఉంది, నిద్ర, ఆకలి, మందులేమైనా వాడుతున్నానా అని అడిగింది. ఆపైన, బతకాలనిపించకపోవడం గానీ, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గానీ వచ్చిందా అని సూటిగా, మామూలు గొంతుతో అడిగింది. నాకు రాలేదు, అదే చెప్పాను. కానీ అలా అడగగలిగిన మనిషికి ఏదైనా చెప్పవచ్చని నమ్మకం కలిగింది. నెమ్మదిగా ఊపిరి వదిలే పద్ధతి ఒకటి చెప్పి, ఇది ఫోన్‌తో తీరేది కాదు, డాక్టరును కలవాలి అని మా ఊళ్ళో ఎక్కడికి వెళ్ళాలో చెప్పింది. ఈ సేవ వైద్యానికి బదులు కాదు, వైద్యం దాకా చేయి పట్టుకుని తీసుకువెళ్ళే మొదటి మెట్టు. అంతవరకే ఆశించి చేస్తే ఎంతో మేలు చేస్తుంది.

ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి వెళ్ళిన రోజున నన్ను ఆశ్చర్యపరిచింది అక్కడి మామూలుతనం. తలనొప్పితో వచ్చిన విద్యార్థి, తాగుడు మానడానికి వచ్చిన ఆటో డ్రైవరు, కాన్పు తర్వాత నిద్ర పట్టని కోడలిని తీసుకొచ్చిన అత్తగారు వరుసలో కూర్చుని ఉన్నారు. డాక్టరుగారు ముందు మావారిని బయట కూర్చోమని, నాతో ఒంటరిగా మాట్లాడారు. అడిగినవాటిలో కొన్ని నాకు అప్పుడు అర్థం కాలేదు. నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా, ఇష్టం వచ్చినట్టు ఖర్చు చేస్తూ గడిపిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అన్నది అలాంటి ప్రశ్న. డిప్రెషన్‌కు, ఆందోళనకు వాడే మందులు బైపోలార్ జబ్బు, అంటే అతి హుషారు, కుంగుబాటు మారి మారి వచ్చే జబ్బు, ఉన్నవాళ్ళకు వేరే మందు తోడు లేకుండా ఇస్తే వికటించవచ్చు కనుక అది ముందే తేల్చుకుంటారట. తెలుగులో ముద్రించిన రెండు ప్రశ్నపత్రాలు ఇచ్చారు. ఒకటి ఆందోళనకు సంబంధించిన గాడ్-7, ఏడు ప్రశ్నలు, మొత్తం 21 మార్కులు. రెండోది డిప్రెషన్‌కు సంబంధించిన పీహెచ్‌క్యూ-9, తొమ్మిది ప్రశ్నలు, 27 మార్కులు. గత రెండు వారాల్లో ఆ లక్షణం ఎన్నాళ్ళు ఉందో గుర్తు పెట్టడమే పని. పది గానీ అంతకు మించి గానీ వస్తే పట్టించుకోవలసిన స్థాయి. నాకు మొదటిదానిలో 16, రెండోదానిలో 11 వచ్చాయి. అవి జబ్బును నిర్ధారించవు, ఎంత ఉందో కొలుస్తాయి, తర్వాత తగ్గిందో లేదో చెప్పుకోవడానికి పనికొస్తాయి అని వివరించారు. పానిక్ డిజార్డర్, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం మళ్ళీ మళ్ళీ ముంచుకొచ్చే జబ్బు, దానితో పాటు కొంత డిప్రెషన్ అని చీటీ మీద రాశారు.

ఆందోళన, డిప్రెషన్ తగ్గించే ఎస్సిటాలోప్రామ్ అనే మందును వారం పాటు 5 మిల్లీగ్రాములు, ఆపైన 10 చొప్పున రాశారు. కంగారును వెంటనే తగ్గించే క్లోనజెపామ్ చిన్న డోసులో కొద్ది వారాలకు మాత్రమే అని, దాన్ని ఎక్కువ కాలం వాడితే అలవాటవుతుందని, నా అంతట నేను పొడిగించకూడదని గట్టిగా చెప్పారు. మొదటి మందు పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందనీ, మొదటి వారం పది రోజులు వికారం, కంగారు కాస్త పెరగవచ్చనీ ముందే హెచ్చరించారు. ఆ హెచ్చరిక లేకపోతే నేను నాలుగో రోజే మానేసేదాన్ని. కడుపులో తిప్పేది, దవడ బిగుసుకునేది, తెల్లవారుజామునే మెలకువ వచ్చేది. నెల దాటాక మార్పు తెలిసింది. ఆనందం వచ్చిందని కాదు. దడ వచ్చినా అది పెరిగి పెద్దదయ్యేలోగా ఆగిపోయేది. ఈ మందు వాడితే మత్తులో ఉంటారని, మనిషి మొద్దుబారిపోతారని చెప్పేవాళ్ళు ఎక్కువ. నేను రోజూ లక్షల రూపాయల నగదు లెక్కలు సరిచూస్తూనే ఆ మందు వాడాను, ఒక్క పైసా తేడా రాలేదు.

మందు భయాన్ని తగ్గించింది కానీ ఆక్సీమీటర్‌ను సంచిలోంచి తీయించలేకపోయింది. ఆ పని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, చేసింది. దాన్ని చేసే క్లినికల్ సైకాలజిస్టు దొరకడమే మాకు కష్టమైంది. సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళందరూ వైద్యానికి అర్హులు కారు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి, ఆ నమోదు సంఖ్యను అడిగి తెలుసుకోవచ్చు. చివరికి హైదరాబాద్‌లో ఉన్న ఒకావిడతో వీడియో కాల్‌లో వారానికోసారి మాట్లాడటం కుదిరింది. లాక్‌డౌన్ మనకు వదిలి వెళ్ళిన కొద్దిపాటి మేలుల్లో ఇదొకటని నా అభిప్రాయం. అంతకుముందు ఇలాంటి వైద్యం కోసం రైలెక్కి వెళ్ళవలసి వచ్చేది.

మొదటి కాల్‌లోనే ఆవిడ నా చేత స్ట్రాంగ్ రూమ్ ఉదయాన్ని నిమిషం నిమిషంగా చెప్పించి కాగితం మీద ఒక చక్రం గీయించారు. గది ఉక్కగా ఉంది, గుండె కాస్త వేగంగా కొట్టుకుంది, నాకు ఆక్సిజన్ పడిపోతోందన్న ఆలోచన వచ్చింది, ఆ ఆలోచనకు భయం వేసింది, భయానికి ఊపిరి వేగం పెరిగింది, అతిగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరిగింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఆ తిమ్మిరిని చూసి ప్రాణం పోతోందనుకున్నాను. ఊపిరి ఆడనట్టున్నా యంత్రం 99 ఎందుకు చూపించిందో నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడ ఆ తర్వాత అడిగిన ప్రశ్న ఇంకా ముఖ్యమైనది: ఆ రోజు మిమ్మల్ని బతికించింది ఏమిటి? ఆక్సీమీటర్ చూసుకోవడం వల్ల ధైర్యం వచ్చి బయటపడ్డానన్నాను. చిక్కంతా అక్కడే ఉందన్నారు. పానిక్ దానంతట అదే కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. నేను మాత్రం ఆ ఘనతను ప్రతిసారీ యంత్రానికి కట్టబెడుతున్నాను కనుక, యంత్రం లేకపోతే ఏమవుతుందో తెలుసుకునే అవకాశం నా మెదడుకు ఎప్పుడూ రాలేదు. 2021 మేలో ప్రాణాలు కాపాడిన జాగ్రత్తే 2023లో భయానికి తిండి పెడుతోంది.

దాన్ని ఒక్కసారిగా మానమనలేదు. నేను తప్పించుకు తిరుగుతున్నవన్నీ రాయించి, ఒక్కోదానికి సున్నా నుంచి నూరు వరకు భయం మార్కులు వేయించి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్పించారు. రాత్రి మెలకువ వస్తే ఆక్సిజన్ చూడకుండా ఉండటం ముప్పై, ఆక్సీమీటర్ లేకుండా బజారుకు వెళ్ళడం యాభై, లిఫ్ట్ అరవై, స్ట్రాంగ్ రూమ్‌లో తలుపు దగ్గర కాకుండా లోపలి గోడ వైపు నిలబడటం డెబ్భై, ఆసుపత్రిలో చేరినవాళ్ళను చూడటానికి వెళ్ళడం తొంభై. ఒక్కో మెట్టు మీద, భయం సగానికి దిగేదాకా అక్కడే ఉండాలి, మధ్యలో పారిపోకూడదు. ముందు ఏం జరుగుతుందనుకున్నానో, తర్వాత ఏం జరిగిందో రెండు గడుల్లో రాయాలి. ఆ నోటుపుస్తకం చూస్తే ఎడమ గడిలో ‘కళ్ళు తిరిగి పడిపోతాను’ అన్న మాట పేజీలకు పేజీలు ఉంటుంది. కుడి గడిలో పడిపోయిన దాఖలా ఒక్కటీ లేదు.

అన్నిటికంటే వింతగా అనిపించింది ఇంకొకటి ఉంది. భయపెట్టే లక్షణాలను కావాలని తెప్పించుకోవడం. నిలబడిన చోటే నిమిషం పాటు పరుగెత్తాలి, కుర్చీలో గిరగిరా తిరగాలి, ముక్కు మూసుకుని సన్నని స్ట్రాతో ఊపిరి పీల్చాలి. నాకు గుండె జబ్బు, ఉబ్బసం లేవని కాగితాలు చూశాకే ఆవిడ ఇవి చేయించారు. పడకగదిలో ఫోన్ ముందు నేను స్ట్రాతో ఊపిరి పీలుస్తుంటే తలుపు తీసిన అత్తయ్య, కొబ్బరినీళ్ళేమైనా తెప్పించుకున్నానేమో అనుకున్నారు. స్ట్రా తెచ్చిన ఆ ఉక్కిరిబిక్కిరి, స్ట్రాంగ్ రూమ్‌లో వచ్చిన ఉక్కిరిబిక్కిరి ఒకేలా ఉన్నాయి. ఒకదానికి కారణం తెలుసు, తీసేస్తే పోతుంది. అందుకే భయం లేదు. రెండోదాన్ని కూడా అలాగే చూడటం అలవాటవడానికి వారాలు పట్టింది. మధ్యలో వెనక్కి జారిన వారాలూ ఉన్నాయి. ముఖ్యంగా బడి పిల్లలందరికీ జలుబులు వచ్చే వానాకాలంలో.

సగం దారిలో ఆవిడ అన్నయ్య ప్రస్తావన తెచ్చారు. అంతవరకు నేను దాన్ని నేపథ్యంగానే చెబుతూ వచ్చాను. వదినతో మాట్లాడుతున్నారా అని అడిగితే, రెండేళ్ళుగా పండగలకు తప్ప ఫోన్ చేయడం లేదని చెప్పవలసి వచ్చింది. ఆమె గొంతు వింటే ఆ అంకెలు వినిపించేవి. ఏడాది దాటినా సడలకుండా, బతుకును ముందుకు సాగనివ్వని దుఃఖాన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించి మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే అమెరికా గ్రంథం డీఎస్ఎమ్-5కు 2022లో వచ్చిన సవరణలో చేర్చారని, నాది అంత తీవ్రమైనది కాకపోయినా ఆ దుఃఖానికి చోటు దొరకలేదని ఆవిడ అన్నారు. మన కర్మకాండలో పదకొండు, పన్నెండు రోజులు, మాసికాలు, సంవత్సరీకం అని గడువులున్నాయి. పోయినవాళ్ళ గురించి మాట్లాడుకోవడానికి ఇంటినిండా మనుషులుంటారు. 2021లో పోయినవాళ్ళ ఇళ్ళలో ఆ మనుషులు లేరు. థెరపీ సాగుతున్న ఏడాది అన్నయ్య ఆబ్దికానికి రాజమహేంద్రవరం వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాను. వదిన, నేను ఆ 88 రాత్రి గురించి మొదటిసారి మాట్లాడుకున్నాం. తను నాకు ఫోన్ చేయడం వల్ల జబ్బుతో ఉన్న నన్ను ఇంకా కుంగదీసిందేమోనని ఆమె రెండేళ్ళుగా మథనపడుతోందని నాకు అప్పటిదాకా తెలియదు. బెడ్ ఇంకా ముందే దొరికించలేకపోయానని నేను మథనపడుతున్నానని ఆమెకూ తెలియదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. నాలాగా ఇంటి నుంచి వచ్చిపోతూ చేయించుకునే వైద్యానికి, వారంవారం మాట్లాడే థెరపీకి పైసా రాదు. పెద్దాసుపత్రిలో డాక్టరు, మందులు ఉచితంగా దొరికాయి, థెరపీ ఖర్చు మాత్రం చేతినుంచే పెట్టుకున్నాను. జీతం ఉన్న నాకే అది బరువైతే, రోజుకూలీకి ఆ దారి మూసుకున్నట్టే. ఆఫీసులో మేనేజరుగారికి మాత్రమే చెప్పాను. కొన్ని నెలలు తాళం బాధ్యత మరొకరికి ఇస్తానన్నారు. సైకాలజిస్టు వద్దన్నారు, తాళం నా దగ్గరే ఉంచుకున్నాను.

భయం దిగాక మరో ఏడాది మందు కొనసాగించి, తర్వాత డాక్టరుగారు చెప్పినట్టు నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ ఆపాను. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, విద్యుత్తు తగిలినట్టు జివ్వుమనడం వంటివి వస్తాయి. డోసు తగ్గించిన వారాల్లో నాకూ కొంచెం వచ్చి పోయాయి. చివరి కాల్‌లో సైకాలజిస్టు నా చేతనే ఒక పేజీ రాయించారు: జబ్బు తిరిగి వస్తోందని చెప్పే నా గుర్తులు ఏమిటి, మొదట ఏం చేయాలి, ఎన్ని వారాలు చూసి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మొదటి గుర్తుగా ‘ఎవరి ఆక్సీమీటరైనా అడిగి తీసుకోవడం’ అని రాసుకున్నాను. మొన్న వేసవిలో మావారికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేరినప్పుడు నర్సు ఆయన వేలికి దాన్ని తగిలించి వెళ్ళింది. నేను అంకె చూశాను. ఒకసారి నా వేలికి కూడా పెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ పేజీ తీసి, పక్కన తేదీ వేసి, రెండు వారాలు గమనించాలని రాసుకున్నాను. ఆ రెండు వారాల్లో మళ్ళీ చూసుకోవాలనిపించింది గానీ చూసుకోలేదు. డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిన అవసరం రాలేదు.